‘బండి పక్కకి పెట్టు’: విశాఖ యువతకూ పోలీసులకూ మధ్య దూరం ఎక్కడ పుడుతోంది?

శనివారం రాత్రి పది దాటాక బీచ్ రోడ్డులో బారికేడ్లు పడతాయి. ఒక్కో బండే దూరేలా వాటిని వంకర టింకరగా నిలబెడతారు. ముందు హోంగార్డు టార్చిలైటు ఊపుతుంటాడు. అతని వెనక బ్రెత్ ఎనలైజర్ పట్టుకున్న కానిస్టేబుల్ ఒకరు, నంబరు ప్లేటు ఫొటో తీసే ఫోనుతో ఇంకొకరు. కాస్త ఎడంగా జీపు దగ్గర ఎస్సై. కుర్రాడు బ్రేకు వేసేలోపే ఒక చెయ్యి బండి తాళం మీదకి వస్తుంది. “బండి పక్కకి పెట్టు. ఎక్కణ్నుంచి వస్తున్నావ్? మీ నాన్నకి ఫోన్ చెయ్.” తప్పేమిటో, అసలు తప్పు జరిగిందో లేదో చెప్పకముందే మొదలయ్యే ఈ తంతు మహా అయితే ఐదు నిమిషాలు. నగరంలో చాలామంది కుర్రాళ్లకు పోలీసులతో మొదటి పరిచయం ఇదే.

పోలీసులకూ యువతకూ సఖ్యత పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా 5కె రన్‌లు, షార్ట్ ఫిల్మ్ పోటీలు, కాలేజీ ఆడిటోరియంలో ప్రతిజ్ఞలు తెర మీదకొస్తాయి. వాటికొచ్చేవాళ్లకు పోలీసులతో పెద్దగా పేచీ ఉండదు. పేచీ ఉన్నవాళ్లు వాటికి రారు.

క్లుప్తంగా: విశాఖలో ఈ దూరానికి మూలం ఎక్కువగా మూడు చోట్ల ఉంది. ఒకటి, రోడ్డు మీద తనిఖీలో మాట్లాడే తీరు. రెండు, ‘కేసు’ అనే మాట చుట్టూ పేరుకున్న భయం. మూడు, గంజాయి విషయంలో వాడేవాణ్నీ అమ్మేవాణ్నీ ఒకే చూపు చూడటం. చట్టంలో ఇప్పటికే ఉన్న వెసులుబాట్లు అమలైతే ఇందులో చాలాభాగం కొత్త పథకాలతో పని లేకుండానే తగ్గుతుంది.

తాళం ఎవరి చేతిలో ఉండాలి?

తనిఖీలు పెరగడానికి కారణాలున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు భారీగా పెంచారు. రాష్ట్రంలో అవి కచ్చితంగా అమల్లోకి వచ్చింది 2025 మార్చి 1 నుంచి. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, లైసెన్స్ లేకుండా నడిపితే 5,000. మద్యం తాగి నడిపితే మొదటిసారికే 10,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. విశాఖ అంతకంటే ముందే బిగించింది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి అన్న నిబంధన ఇక్కడ 2024 సెప్టెంబరు 1 నుంచి ఉంది. పట్టుబడితే 1,035 రూపాయల చలానా, మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్ అని అప్పట్లో ప్రకటించారు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు ఇది నెల పాకెట్ మనీ.

మైనర్ల విషయంలో చట్టం ఇంకా కఠినం. పద్దెనిమిది నిండని పిల్లాడు బండితో నేరానికి పాల్పడితే తండ్రిని లేదా బండి యజమానిని బాధ్యుడిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. “మీ నాన్నకి ఫోన్ చెయ్” అన్న మాటకి అంత బరువు ఉన్నది అందుకే.

ఈ జరిమానాలు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఎన్‌హెచ్-16 నగరం నడుమ నుంచి పోయే ఊళ్లో హెల్మెట్ మీద పట్టుబట్టడం తప్పని వాదించడం కష్టం. గొడవ జరిమానా దగ్గర కంటే పద్ధతి దగ్గరే ఎక్కువగా వస్తోంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాల్సిందే. కానీ బండి తాళం లాక్కోమని మోటారు వాహనాల చట్టం ఎక్కడా చెప్పలేదు. కాగితాలు చేతిలో లేకపోయినా డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో చూపిస్తే చాలని 2018లోనే కేంద్ర నిబంధనలు మార్చారు. జరిమానా వసూలు చేసే అధికారం నోటిఫై చేసిన హోదా ఉన్నవాళ్లకే ఉంటుంది. ఈ సంగతులు కుర్రాళ్లకి రీల్స్‌లో అరకొరగా తెలుస్తాయి. పోలీసులకి అలవాటులో మరుగున పడతాయి. సగం తెలిసినవాడు, అలవాటు పడ్డవాడు బారికేడ్ దగ్గర ఎదురుపడితే మాట పెరగక తప్పదు. ఈలోగా ఎవడో ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలెడతాడు.

‘రా’కీ ‘అండి’కీ మధ్య

పోలీసులు న్యాయంగా నడుచుకున్నారా లేదా అన్నది జనం ఎలా తేల్చుకుంటారన్న దానిమీద అమెరికా సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ 1980లలో చికాగో పౌరులను అడిగి పరిశోధన చేశారు. జరిమానా పడిందా తప్పిందా అన్నదానికంటే, చెప్పుకునే అవకాశం ఇచ్చారా, అందరినీ ఒకేలా చూశారా, మర్యాదగా మాట్లాడారా, కారణం చెప్పారా అన్నవే మనసులో ఎక్కువకాలం నిలుస్తాయని తేలింది.

దీన్ని సరిగ్గా బీచ్ రోడ్డు తరహా తనిఖీలోనే పరీక్షించింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. 2009-10లో అక్కడ 60 డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలను రెండు సగాలుగా విడదీశారు. ఒక సగంలో మామూలుగా గొట్టం ఊదించి పంపేశారు. అది సుమారు 20 సెకన్ల పని. రెండో సగంలో ఎందుకు ఆపారో, ఆపడంలో వ్యక్తిగతం ఏమీ లేదని, ప్రమాదాల్లో ఎవరు పోతున్నారో ముందే రాసిపెట్టిన నాలుగు మాటల్లో చెప్పి, చివర థాంక్స్ అన్నారు. దానికి నిమిషన్నర పట్టింది. ఆ నిమిషం తేడాకే పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. కానీ కొన్నేళ్లకు స్కాట్లాండ్ పోలీసులు ఇదే ప్రయోగం చేస్తే ఫలితం తిరగబడింది. కొత్త పద్ధతిలో ఆపిన చోట నమ్మకం కొంత తగ్గింది. 2013లో అక్కడ ఎనిమిది ప్రాంతీయ పోలీసు దళాలను ఒకటిగా కలిపేశారు. సిబ్బంది ఆ గందరగోళంలో ఉండగానే పైనుంచి ఈ స్క్రిప్టు దిగింది. తమను అడగకుండా నెత్తిన పెట్టిన మర్యాదను వాళ్లు మర్యాదగా అప్పజెప్పలేకపోయారు. పైఅధికారి తనతో ఎలా మాట్లాడతాడో కానిస్టేబుల్ రోడ్డు మీద అలాగే మాట్లాడతాడన్నది పరిశోధకులు ఆ అనుభవం నుంచి తీసిన అర్థాల్లో ఒకటి.

తెలుగులో ఈ చిక్కుకి ఇంకో ముడి ఉంది. మన భాషలో గౌరవం క్రియ చివర ఉంటుంది. “లైసెన్స్ తియ్‌రా”, “లైసెన్స్ తియ్యి”, “లైసెన్స్ తీయండి” - మూడూ ఒకే ఆజ్ఞ, మూడు వేర్వేరు సంబంధాలు. ఇరవయ్యేళ్ల కుర్రాణ్ని నలభై అయిదేళ్ల హెడ్ కానిస్టేబుల్ ‘అండి’ అనడం ఉత్తరాంధ్రలో ఎవరికీ సహజంగా అనిపించదు. కుర్రాడికే ఇబ్బందిగా ఉంటుంది. అయితే ‘రా’ ఒక్కటే మిగలలేదు. కూరలమ్మే ముసలమ్మ నుంచి బస్సు కండక్టరు దాకా ఇక్కడ అందరి నోటా ఉండే మాట ‘బాబూ’. “బాబూ, లైసెన్స్ చూపించు” అంటే అధికారం తగ్గదు, అవతలివాడి తల దించుకోవాల్సిన పనీ ఉండదు. ఆడపిల్లలకైతే ‘అమ్మా’ ఉండనే ఉంది. క్వీన్స్‌లాండ్ స్క్రిప్టుని అనువదించి కార్డు మీద అచ్చేయించడం కంటే ఇది సులువు, ఖర్చూ లేదు. అటునుంచీ ఇదే లెక్క. ఎదురుగా ‘సార్’ అని వెనక్కి తిరగ్గానే ‘మామలు’ అని నవ్వుకోవడం పోలీసులకి తెలియని సంగతి కాదు.

కేసు పడితే ఏమవుతుంది?

విశాఖలో ‘కేసు’ అన్న మాటకి మిగతా ఊళ్లకంటే పదును ఎక్కువ. స్టీల్‌ప్లాంటు, హెచ్‌పీసీఎల్, పోర్టు, నేవల్ డాక్‌యార్డు - ఊరి యువత చూపు ఉండే గేట్లన్నీ భద్రత ఎక్కువున్న గేట్లే. కాంట్రాక్టు పనికైనా గేట్ పాస్ కావాలంటే పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో దరఖాస్తు పెడితే విచారణ కాగితం తిరిగి తిరిగి ఆ ఏరియా స్టేషన్‌కే వస్తుంది. మర్చంట్ నేవీ, గల్ఫ్, సాఫ్ట్‌వేర్ దేనికైనా దారి అటునుంచే. అందుకే ఇక్కడి తల్లిదండ్రులు కొడుక్కి చెప్పే మొదటి జాగ్రత్త “గొడవల్లోకి వెళ్లకు, కేసైపోతుంది” అని.

ఈ భయంలో కొంత నిజం, కొంత గందరగోళం ఉన్నాయి. ఈ-చలానా క్రిమినల్ కేసు కాదు, కట్టేస్తే ముగిసిపోతుంది. డ్రంకెన్ డ్రైవ్ అలా కాదు. అక్కడికక్కడ డబ్బు కట్టి వదిలించుకునే నేరాల్లో అది లేదు, కోర్టు మెట్లెక్కాలి. పెట్టీ కేసు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. బైండోవర్ అంటే శిక్ష కాదు, బుద్ధిగా ఉంటానని రాసిచ్చే పూచీ. మామూలు జిల్లాల్లో ఆ పని తహసీల్దారు ముందు జరిగితే, కమిషనరేట్ కావడంవల్ల విశాఖలో ఆ అధికారం పోలీసుల చేతుల్లోనే ఉంది. ఇక రౌడీషీటు ఏ చట్టసభా చేసిన చట్టంలోంచి వచ్చింది కాదు, పోలీసుల సొంత స్టాండింగ్ ఆర్డర్ల నుంచి వచ్చింది. ఇన్ని రకాలనూ జనం ఒక్క మాటలో ‘కేసు’ అంటారు. విడమరిచి చెప్పడానికి స్టేషన్‌లో ఎవరికీ తీరిక ఉండదు. కొన్నిసార్లు చెప్పకపోవడమే ఉపయోగం. “కేసు రాసేస్తాను, నీ జీవితం పోతుంది” అన్న బెదిరింపు పనిచేసేది ఈ అయోమయం ఉన్నంతకాలమే.

పద్దెనిమిది నిండని వాళ్లకి చట్టం చాలా దూరం ఆలోచించింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై హోదాకి తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. 2016 నమూనా నియమాలైతే ఇంకా ముందుకెళ్లాయి. ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిందైతేనో తప్ప ఎఫ్‌ఐఆరే కట్టొద్దన్నాయి. స్టేషన్‌లో రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితి మీద నివేదిక తయారుచేస్తే చాలు. బేడీలు వేయకూడదు, వాంగ్మూలం మీద సంతకం పెట్టమనకూడదు. పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. జనానికి ఇందులో తెలిసింది దాదాపు సున్నా. తెలిస్తే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన రాత్రి తండ్రి పలుకుబడి ఉన్న నాయకుణ్ని వెతుక్కుంటూ పరిగెత్తడు, నేరుగా ఆ బాలల సంక్షేమ అధికారిని అడుగుతాడు.

పెద్దయ్యాక పడ్డ చిన్న కేసుల గురించీ సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ తీర్పులో మాట్లాడింది. చిన్నతనంలో నినాదాలు చేయడంలాంటి స్వల్ప నేరాలను దాచినా, యజమాని తన విచక్షణతో వాటిని పక్కన పెట్టవచ్చంది. దాచకుండా చెప్పడం మేలన్నది మాత్రం ఆ తీర్పులో స్పష్టం. స్టేషన్‌లో భయపెట్టే అంత సులువుగా ఉద్యోగం ఊడిపోదు, ఇంట్లో సర్దిచెప్పే అంత సులువుగా కేసు మాయమూ కాదు.

కొండ మీది సరుకు, కింద దొరికిన కుర్రాడు

గంజాయి విషయంలో విశాఖ పరిస్థితి భౌగోళికం. పంట చింతపల్లి, జీకే వీధి, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల్లోనూ, ఆవల ఒడిశా మల్కన్‌గిరి, కోరాపుట్‌లలోనూ. దాన్ని దేశం మీదకి పంపే రైలూ, బస్సూ, హైవే దొరికేది ఇక్కడ. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 చివర్లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. ఫిర్యాదులకు 1972 నంబరు, కాలేజీల్లో ఈగల్ క్లబ్బులు పెట్టారు.

సరుకు ఈ ఊరి మీదుగా పోతున్నప్పుడు కొంత ఇక్కడే రాలుతుంది. హాస్టల్ గదుల్లోకి, కొండవాలు కాలనీల్లోకి, సముద్రం ఒడ్డు రాళ్ల చాటుకి. పోలీసులకి దొరకడం తేలికైనవాడు కూడా అక్కడివాడే. మాదకద్రవ్యాల మీదున్న ఎన్డీపీఎస్ చట్టంలో కిలో లోపు గంజాయికి ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. తాగినందుకైతే ఆరు నెలల వరకు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై దాకా. కిలోకీ ఇరవై కిలోలకీ మధ్య చట్టం ఇంత తేడా చూపినా, కాలనీలో జనానికి కనబడేది ముఖానికి గుడ్డ కట్టించి ప్రెస్‌మీట్‌లో వరసగా నిలబెట్టిన దృశ్యం ఒక్కటే. అందులో రవాణాదారుడెవరో, రెండు వేల కూలికి బ్యాగు మోసినవాడెవరో, తాగేవాడెవరో ఫొటోలో తెలియదు.

అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వ్యసనంలో పడి, తక్కువ మోతాదుతో లేదా వాడకం కింద కేసు పడ్డవాడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తనంతట తాను చికిత్సకి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఊరి నడుమనే ఉంది. ఆ గేటు దాటడానికి కుటుంబాలను ఆపేవి రెండు: మెంటల్ ఆసుపత్రి అన్న నామోషీ, పేరు రాసుకుంటే పోలీసులకి వెళ్తుందన్న అనుమానం. రెండోది పోగొట్టడం పోలీసుల చేతిలో పని. ‘డ్రగ్స్ వద్దు’ పోస్టరు పక్కనే ‘చికిత్సకి వస్తే కేసు ఉండదు, ఎలాగో ఇదీ’ అన్న పోస్టరు కూడా ఉంటే దాన్ని చదివేవాళ్లే వేరు.

క్లాసులో పోలీసు ఉపన్యాసం ఎంతవరకు పనికొస్తుందన్నదానికి అమెరికా అనుభవం కళ్లెదుట ఉంది. 1983లో లాస్‌ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ అనే కార్యక్రమంలో పోలీసులే బడికెళ్లి మాదకద్రవ్యాల మీద పాఠాలు చెప్పేవారు. దేశమంతా పాకింది. తర్వాత వరసగా వచ్చిన అధ్యయనాలు పిల్లల వాడకం మీద దానికి నిలకడైన ప్రభావం లేదని తేల్చాయి. భయం మీద నడిచే పాఠం, ఆడిటోరియం దాటాక ఎక్కువసేపు బతకదు.

జంటలు, కొండలు, కాపలా

కైలాసగిరి, తొట్లకొండ, రుషికొండ దారిలో జంటలను ఆపి ఇంటికి ఫోన్ చేయిస్తామనడం పాత కథే. ఇద్దరు మేజర్లు పక్కపక్కన కూర్చోవడం ఏ నేరం కిందికీ రాదు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు వడోదరకు చెందిన ఒక సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కానిస్టేబుల్ కేసులో, నైతిక కాపలా పోలీసుల పని కాదని తేల్చి చెప్పింది. మరోపక్క నిర్జన ప్రదేశాల్లో దోపిడీలు, దాడుల భయం నిజమే కాబట్టి గస్తీ ఎత్తేయమనడం కుదరదు. “చీకటి పడింది, ఇక్కడ సేఫ్ కాదమ్మా, కిందికి వెళ్లిపోండి” అనే పోలీసూ, “మీ ఇద్దరికీ ఏంటి సంబంధం” అనే పోలీసూ చేస్తున్నది ఒకే గస్తీ. ఆపదలో ఆ అమ్మాయి 112కి ఫోన్ చేస్తుందా, చేయదా అన్నది ఆమెకి ఎదురైంది ఈ ఇద్దరిలో ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

బందోబస్తు తినేసిన బీటు

పోలీసుల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. నేవీ డే, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్, మంత్రుల పర్యటనలు, 2025 జూన్ 21న ప్రధాని వచ్చిన యోగా డే - విశాఖలో ఏదో ఒక బందోబస్తు లేని వారం అరుదు. స్టేషన్ సిబ్బందే వెళ్లి రోడ్డు పక్కన నిలబడాలి. వారానికో సెలవు అన్నది 2019లో ప్రకటించారు గానీ బందోబస్తుల ముందు అది నిలిచేది కాదు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే బందోబస్తుకెళ్లి సాయంత్రం బారికేడ్ దగ్గర నిలబడ్డ మనిషి నుంచి ఓపిక ఆశించడం అత్యాశ. పైగా పైవాళ్లు లెక్కగట్టేది ఎన్ని చలానాలు, ఎన్ని కేసులు అనే. ఒక కుర్రాడికి నచ్చజెప్పి పంపినందుకు ఏ కాలమ్‌లోనూ అంకె పడదు.

ఒక కానిస్టేబుల్ ఒకే ఏరియాలో రోజూ తిరిగే బీటు పోలీసింగ్‌కి అసలు బలం మొహాలు తెలిసి ఉండటం. కంచరపాలెంలో ఏ టీ కొట్టు దగ్గర ఏ కుర్రాళ్లు కూర్చుంటారో, వాళ్లలో ఎవడు చదువు మానేశాడో తెలిసిన కానిస్టేబుల్ అందరినీ ఒకే గాటన కట్టడు. ఆ కానిస్టేబుల్‌ని బందోబస్తుకి పంపినప్పుడల్లా ఆ ఏరియా పోలీసులకి అపరిచితం అవుతుంది.

కాంబోడియా నుంచి వచ్చిన ఫోన్లు

నమ్మకం ఉంటే పోలీసులకి ఒరిగేదేమిటో 2024 మే నెలలో విశాఖే చూపించింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఏజెంట్లు ఇక్కడి యువకులను కాంబోడియాకి పంపారు. అక్కడ సైబర్ మోసాల ముఠాలు వాళ్లతో బలవంతంగా మన దేశంవాళ్లనే మోసం చేయించాయి. బయటపడ్డ ఒకరి ఫిర్యాదుతో నగర పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ వార్త అక్కడికి చేరాక సిహానూక్‌విల్‌లో వందలమంది భారతీయులు ఎదురు తిరిగారు. తర్వాత బృందాలుగా విశాఖ చేరారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ కుర్రాళ్లు చట్టం కళ్లకు నిందితులుగా కనబడే ప్రమాదం ఉన్నవాళ్లే. మోసం చేసింది వాళ్ల చేతులే. పోలీసులు వాళ్లను ముందు బాధితులుగా చూడబట్టే సమాచారం వచ్చింది, ఏజెంట్ల గొలుసు దొరికింది. గంజాయి బ్యాగు మోసిన కుర్రాడి దగ్గరా అలాంటి సమాచారమే ఉంటుంది. అక్కడ మాత్రం ఈ పద్ధతి ఇంకా అరుదు.

ఇతర రాష్ట్రాలు చేసినవి, ఇక్కడ ఉన్నవి

కేరళ 2010 ఆగస్టు 2న 127 బడుల్లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమం మొదలుపెట్టింది. కేంద్రం 2018 జులైలో దాన్ని దేశమంతటికీ తెచ్చింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు రెండేళ్లపాటు అదే టీచరు, అదే స్థానిక స్టేషన్. ఆ కొనసాగింపే దాని బలం. బలహీనతా ఉంది. అందులో చేరేది ఎలాగూ బుద్ధిమంతులే.

తమిళనాడు అనుభవం ఇంకో రకం. 1993లో రామనాథపురంలో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’లో యువ వాలంటీర్లు పోలీసుల వెంట తిరిగేవారు. 2020లో సాతాన్‌కుళం స్టేషన్‌లో తండ్రీకొడుకుల కస్టడీ మరణాల తర్వాత వాలంటీర్ల మీదా ఆరోపణలు వచ్చి, ప్రభుత్వం జులైలో ఆ వ్యవస్థనే నిషేధించింది. యువతను దగ్గరకి తీయడమంటే చేతికి లాఠీ ఇవ్వడం కాదని అప్పుడు తేలింది.

విశాఖకి అంత దూరం వెతుక్కోవాల్సిన అవసరం లేదు. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టులు పెట్టారు. 2021లో వాళ్లను మహిళా పోలీసులుగా మార్చడం హైకోర్టు దాకా వెళ్లింది. ఖాకీ వేయాలా వద్దా అన్న తగవులో అసలు ప్రయోజనం పక్కకి పోయింది. వాళ్లు ఆ ఏరియా అమ్మాయిలే, ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసినవాళ్లే. ఖాకీ లేకపోవడమే ఇక్కడ వాళ్ల బలం. కొడుకు గంజాయి తాగుతున్నాడని స్టేషన్‌కెళ్లి చెప్పలేని తల్లి సచివాలయం మెట్లెక్కి చెప్పగలదు.

ఇంకో సంగతి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే తుది రాతపరీక్ష 2025 జూన్‌లో గానీ జరగలేదు. ఆ రెండున్నరేళ్లూ తెల్లవారకముందే బీచ్ రోడ్డులో 1,600 మీటర్ల పరుగు సాధన చేసిన కుర్రాళ్లు, రాత్రి అదే రోడ్డులో తాళం లాక్కోబడ్డ కుర్రాళ్లు చాలావరకు ఒకే కాలనీలవాళ్లు. ఎంపికైనవాళ్లకి శిక్షణలో కవాతు, చట్టం, ఆయుధం అన్నీ నేర్పుతారు. బండి ఆపాక నోట్లోంచి రావాల్సిన మొదటి వాక్యం ఏదన్నది మాత్రం బారికేడ్ దగ్గర సీనియర్‌ని చూసి నేర్చుకోవలసిందే.